కావడి చెప్పిన సైకిల్ పాఠం

విశాఖ నుంచి సైకిళ్ల మీద జి.మాడుగుల వచ్చిన మిత్రులారా!

దూరదేశంలో సైకిల్ యాత్రకు ఎలా సిద్ధం కావాలో చెప్పమన్నారు. మీలో ఒకరు లడఖ్ అన్నారు, ఇంకొకరు నార్వే అన్నారు. ఎక్కడికి వెళ్లినా వెళ్లండి. మొదటి పరీక్ష మాత్రం ఈ మన్యంలో రాయండి. ఈ కొండల్లో నెగ్గిన ఏర్పాటు ఎక్కడైనా నెగ్గుతుందని నా నమ్మకం.

ఐర్లండ్‌లో డెర్వ్లా మర్ఫీ అనే రచయిత్రి ఉండేవారు. పదో పుట్టినరోజుకు ఆమెకు ఒక సైకిలూ ఒక అట్లాసూ కానుకగా వచ్చాయి. సైకిల్ మీద ఇండియాకు వెళ్లాలని ఆ వయసులోనే నిశ్చయించుకున్నారు. బయలుదేరింది 1963 జనవరిలో, 31 ఏళ్ల వయసులో. ఇరాన్, అఫ్ఘానిస్థాన్, పాకిస్తాన్ మీదుగా ఢిల్లీ చేరారు. ఆమె చేసిన రెండు పనులు గుర్తుపెట్టుకోండి. దారిలోని ఊళ్లకు టైర్లు ముందే పంపించారు. సైకిల్‌కున్న గేర్లు తీయించేశారు. ఆ రోడ్ల మీద గేరు పాడైతే బాగుచేసేవాళ్లు దొరకరని ఆమె ఆలోచన. మన ఘాట్‌కు గేర్లు కావాలి, తీయమనను. కానీ ఆమె వేసుకున్న ప్రశ్న మీరూ వేసుకోండి: ఇది విరిగితే దారిలో ఎవరు బాగుచేస్తారు? పల్లెలో పంక్చర్ వేసే అబ్బాయి చేతికి లొంగే సైకిలే యాత్రకు పనికొచ్చే సైకిల్. రెండు ట్యూబులు, సొల్యూషన్, గాలి పంపు, బ్రేకు రబ్బర్లు, ఒక చైను ముక్క మీ దగ్గర ఉండాలి. వాటిని వాడటం మీ చేతులకూ రావాలి.

ఇక కొండ లెక్క. నర్సీపట్నం మైదానంలో ఉంది. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే ఆ రెంటి మధ్య ఘాట్‌లో మీరు ఎక్కేది సుమారు 900 మీటర్లు. అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున 300 అంతస్తుల మేడ. సంచిలో వేసిన ప్రతి కిలోనూ ఆ మేడపైకి మీ కాళ్లే మోయాలి. అందుకే కొండ దారిలో రోజు ప్రయాణాన్ని కిలోమీటర్లతో కొలవకండి, ఎక్కే ఎత్తుతో కొలవండి. మైదానంలో 90 కిలోమీటర్లు తొక్కినవాడికి ఘాట్‌లో 40 చాలు.

నేను మొదటిసారి ఈ లెక్క వేయలేదు. దళసరి దుప్పటి, మూడు జతల బట్టలు, పుస్తకాలు అన్నీ వెనక ఒకే మూటగా కట్టాను. మొదటి మలుపులోనే ముందు చక్రం తేలిపోవడం మొదలెట్టింది. నాలుగో మలుపులో దిగి తోస్తున్నాను. అప్పుడు ఒక పెద్దాయన కావడి మీద పసుపు మూటలతో నన్ను దాటి పోయాడు. బద్దకు రెండు వైపులా సమానంగా రెండు మూటలు. అడుగులు చిన్నవి, ఏటవాలు పెరిగినప్పుడు ఇంకా చిన్నవి. ఆగడం మాత్రం లేదు. నేను చూస్తుండగానే నడక ఆపకుండా బద్దను మెడ వెనక నుంచి రెండో భుజానికి జరిపాడు. పైన రాతి మీద కూర్చున్నప్పుడు అడిగాను, “అలిసిపోయి మార్చావా తాతా?” అని. “నొప్పి పుట్టాక మారిస్తే ఏటి లాభం బాబూ? ముందే మార్చీయాల” అన్నాడు.

సైకిల్ యాత్రకు కావలసిన శాస్త్రం మొత్తం ఆ కావడిలో ఉంది. బరువు రెండు వైపులా సమానంగా, చక్రానికి దగ్గరగా, కిందుగా ఉండాలి. ఏటవాలు రాకముందే చిన్న గేరులోకి దిగాలి. దాహం వేయకముందే నీళ్లు తాగాలి, ఆకలి వేయకముందే తినాలి. దిగేటప్పుడు మలుపు రాకముందే బ్రేకు వేయాలి. మలుపులో వేస్తే చక్రం జారుతుంది. ఎక్కేటప్పుడు పట్టిన చెమట దిగేటప్పుడు చలి పుట్టిస్తుంది, కాబట్టి పొడి చొక్కా ఒకటి చేతికి అందేలా పెట్టుకోవాలి.

కాలం సంగతి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన, అక్టోబరులో తుఫాన్ల భయం. నవంబరు, డిసెంబరు మంచివి. వలిస పూలు కొండవాలుకు పసుపు పూసినట్టు ఉంటాయి. కాని లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గరకు దిగే రోజులుంటాయి. తెల్లవారితే మంచు కమ్ముకుంటుంది, పది అడుగుల ముందు ఏముందో కనపడదు. ముందూ వెనకా దీపం లేనిదే కదలకండి. దోమతెర మరవకండి, ఇది మలేరియా సీమ.

ఆ మొదటి పరీక్షకు మళ్లీ వచ్చినప్పుడు రోజుల ఏర్పాటు ఇలా వేసుకోండి. మొదటి రోజు విశాఖ నుంచి నర్సీపట్నం. రెండో రోజు ఘాట్ ఎక్కి చింతపల్లి. మూడో రోజు జి.మాడుగుల మీదుగా పాడేరు. నాలుగో రోజు అరకు. అయిదో రోజు ఖాళీ. ఆ ఖాళీ రోజే యాత్రకు ప్రాణం. వాన పడినా, చక్రం వంగినా, సంతలో ఒక పూట కూర్చోవాలనిపించినా అది ఆదుకుంటుంది. ఆరో రోజు అనంతగిరి ఘాట్ దిగి విశాఖ.

చివరగా ఒక మాట. మీరు ఎక్కి వచ్చిన ఆ చింతపల్లి దారికి ఒక చరిత్ర ఉంది. నూరేళ్ల కిందట బాస్టియన్ అనే అధికారి ఆ రోడ్డు పనికి కొండవాళ్లను వెట్టిగా తోలాడు. ఆ కడుపుమంట అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక కారణమైంది. 1922 ఆగస్టు 22న మన్యం వీరులు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. ఇవాళ అదే సీమలో రోడ్డు లేని ఊళ్లున్నాయి. నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీలో మోసుకొచ్చే దారులున్నాయి. మనకు అందంగా కనిపించే ఎత్తుపల్లాలు వాళ్లకు ఆసుపత్రికి ఉన్న దూరం. అందుకని డోలీ ఎదురైతే సైకిల్ దిగి పక్కకు తప్పుకోండి. అడగకుండా ఫొటో తీయకండి. తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి తీసుకుపోండి. అన్నం ఇక్కడి ఇళ్లలో డబ్బిచ్చి తినండి.

రేపు పొద్దున్న పాడేరు దారి పట్టే ముందు మీ రెండు సంచులూ రెండు చేతులతో ఎత్తి చూడండి. ఒక చెయ్యి కిందికి లాగితే, అందులోంచి ఒక వస్తువు తీసి ఈ ఊళ్లోనే ఎవరికైనా పనికొచ్చేదైతే ఇచ్చేయండి. మీ కావడి సరిపోయిందో లేదో మొదటి ఎక్కుడులోనే తెలుస్తుంది.