ఓనమాలు తెచ్చిన ఓటు



మన మారిషస్‌లో ముసలివారి పింఛను, పిల్లల చదువు తెల్లదొరలు దయతలచి ఇచ్చినవని కొందరంటారు. చరిత్ర అలా చెప్పదు.

1947కు ముందు ఓటు ఆస్తి, ఆదాయం ఉన్నవారిది. ద్వీపమంతటా ఓటర్లు 12 వేలమందైనా లేరు. ఆ ఏడు వచ్చిన కొత్త రాజ్యాంగం, ఇక్కడి భాషల్లో దేనిలోనైనా చిన్న వాక్యాలు చదివి రాయగల వయోజన స్త్రీపురుషులకు ఓటు ఇచ్చింది. ఆ భాషల పట్టికలో మన తెలుగు కూడా ఉంది.

బస్‌దేవ్ బిసున్‌దయాల్ గారి అనుచరులు ఊరూరా సాయంత్రపు బళ్ళు పెట్టి, చెరకుతోటల కూలీలకు హిందీ అక్షరాలు దిద్దించారు. 1948 ఎన్నికలనాటికి ఓటర్లు 70 వేలు దాటారు.

ఆ ఓట్లతో కూలీల బిడ్డలు శాసనమండలిలో అడుగుపెట్టారు. దొరతనం మీద ఒత్తిడి పెరిగింది. 1950లో పేద వృద్ధులకు పింఛను వచ్చింది. 1958లో ఆస్తిపాస్తులు అడగకుండా వృద్ధులందరికీ ఇచ్చారు. ప్రాథమిక పాఠశాలలు పెరిగాయి. 1959 ఎన్నికలలో చదువు షరతు పోయి వయోజనులందరూ ఓటు వేశారు.

నేడు ఓటుకు అక్షరం అక్కరలేదు. అయినా మా సాయంత్రపు తరగతిలో బల్లలు ఖాళీగా ఉంటే మనసొప్పదు. ఒకనాడు మనల్ని పౌరులుగా నిలబెట్టిన భాషల్లో తెలుగూ ఒకటి. పిల్లలను పంపండి, మేము కాచుకుని ఉంటాం.