సిరాతో రాసిన లేఖనం

లేఖనాల ఏకత్వం గురించి మాట్లాడే బోధకుడు మన సువార్త సభల్లో తరచు ఒక లెక్కతో మొదలుపెడతాడు. 66 పుస్తకాలు, 40 మంది రచయితలు, 1500 ఏళ్లు, అయినా ఒకటే మాట అంటాడు. వినడానికి బాగానే ఉంటుంది గాని, కాస్త తట్టి చూస్తే ఈ లెక్క నిలవదు. కతోలికుల బైబిలులో పుస్తకాలు 73. హెబ్రీయులకు రాసిన పత్రిక ఎవరు రాశారో దేవునికే తెలియాలని మూడో శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు ఓరిగెను చేతులెత్తేశాడు. అలాంటప్పుడు రచయితలను 40 మందిగా ఎవరు లెక్కపెట్టినట్టు? ఈ ఉపన్యాసం ఆ లెక్కను పక్కన పెట్టి, లేఖనం తన పుట్టుక గురించి తానేం చెప్పుకుందో చూస్తుంది.

ఒక పుస్తకం ఎలా తయారైందో యిర్మీయా 36వ అధ్యాయం చెప్పినంత వివరంగా బైబిలులో మరే అధ్యాయమూ చెప్పదు. యూదా రాజు యెహోయాకీము ఏలుబడిలో అది నాలుగో ఏడు, అంటే సుమారు క్రీ.పూ. 605. యిర్మీయా చెబుతుంటే లేఖికుడు బారూకు గ్రంథపు చుట్ట మీద రాశాడు. మరుసటి ఏడు ఒక ఉపవాస దినాన, దేవాలయానికి వెళ్లే వీలు ప్రవక్తకు లేకపోవడంతో, బారూకే వెళ్లి జనానికి చదివి వినిపించాడు. ఆ మాటలు అధికారులను కలవరపెట్టాయి. ఇదంతా ఎలా రాశావని నిలదీశారు. బారూకు దర్శనాల ఊసు ఎత్తలేదు. ప్రవక్త నోటితో చెబుతూ పోయాడని, తాను సిరాతో రాశానని మాత్రం అన్నాడు. పాత నిబంధన మొత్తంలో సిరా ప్రస్తావన వచ్చేది ఇక్కడే.

తరువాత కథ తెలిసిందే. శీతకాలపు నగరులో రాజు కుంపటి ముందు కూర్చున్నాడు. మూడు నాలుగు పుటలు చదవడం పూర్తయినప్పుడల్లా వాటిని చాకుతో కోసి నిప్పుల్లో వేశాడు. ముగ్గురు అధికారులు వద్దని బతిమాలినా వినలేదు. ప్రవక్త, లేఖికుడు మరో చుట్ట తీసుకుని మళ్లీ మొదలుపెట్టారు. అయితే రెండో చుట్ట మొదటిదానికి నకలు కాదు. కాలిపోయిన మాటలతోపాటు అలాంటివే మరెన్నో అందులో చేరాయని అధ్యాయం చివరి వాక్యం దాచకుండా చెబుతుంది.

దైవావేశం అంటే పైనుంచి దిగిన అచ్చు ప్రతి అనుకునేవారికి ఆ వాక్యం మింగుడుపడదు. మొదటి చుట్ట దేవుని మాటే, పెరిగిన రెండోదీ దేవుని మాటే. కథకుడికి ఇందులో ఏ చిక్కూ కనిపించలేదు. మనకు కనిపిస్తే, లోపం మన నిర్వచనంలో ఉన్నట్టు.

మృత సముద్రం పక్కన కుమ్రాను గుహల్లో దొరికిన ప్రతులూ దీనికి సాక్ష్యమే. యిర్మీయా గ్రీకు అనువాదం హీబ్రూ పాఠం కన్నా సుమారు ఎనిమిదో వంతు చిన్నది. అనువాదకులే కత్తిరించారని కొందరు భావించేవారు. కుమ్రానులో ఆ పొట్టి పాఠాన్ని పోలిన హీబ్రూ ముక్కలు, పొడవు పాఠాన్ని పోలిన ముక్కలు రెండూ బయటపడ్డాయి. క్రీస్తుకు ముందే ఈ గ్రంథం రెండు రూపాల్లో చలామణిలో ఉందన్నమాట.

మరి ఏకత్వం ఎక్కడుంది? తరువాత వచ్చినవారు ముందువారిని చదివిన తీరులో ఉంది. బబులోను చెర 70 ఏళ్లని యిర్మీయా అన్న మాటను దానియేలు గ్రంథం తొమ్మిదో అధ్యాయం ముందు పెట్టుకుని ప్రార్థిస్తుంది. ఎజ్రా గ్రంథం మొదటి వాక్యంలోనే యిర్మీయా పేరు ఎత్తుతుంది. తన గ్రంథం 31వ అధ్యాయంలో అతను చెప్పిన కొత్త నిబంధన, లూకా సువార్తలో రాత్రి భోజనపు గిన్నె దగ్గర వినిపిస్తుంది. హెబ్రీ పత్రిక ఎనిమిదో అధ్యాయం ఆ భాగాన్ని దాదాపు మొత్తంగా ఎత్తి రాసుకుంది. పాత నిబంధన నుంచి కొత్త నిబంధన తెచ్చుకున్న ఉల్లేఖనాలన్నింటిలో అదే పొడవైనది. బైబిలు రెండో భాగానికి పేరు కూడా ఆ మాట నుంచే వచ్చింది. రాజు కుంపటిలో వేసిన ప్రవక్త మాట అంత దూరం నడిచింది.

ఇంతకన్నా తేలికైన ఏకత్వం సంఘానికి దొరక్కపోలేదు. నల్ల సముద్ర తీరంలోని సినోపే నుంచి రోముకు వచ్చిన ఓడల యజమాని మార్కియోను, పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అన్నాడు. హీబ్రూ లేఖనాలను పూర్తిగా వదిలేసి, కోతపెట్టిన లూకా సువార్తను, పౌలు పత్రికలు పదింటిని ఉంచుకున్నాడు. వైరుధ్యమనేది మిగలని పుస్తకం! రోము సంఘం 144లో అతన్ని వెలివేసింది, అతనిచ్చిన పెద్ద విరాళాన్నీ తిరిగిచ్చేసింది. (విరాళం తిప్పి పంపిన సంఘాలు చరిత్రలో ఎక్కువ లేవు.) మరో తరానికి తతియాను అనే రచయిత నాలుగు సువార్తలను కలిపి ఒకే కథగా అల్లాడు. సిరియా సంఘాలు దాన్ని ఇష్టంగా చదువుకున్నాయి. అయిదో శతాబ్దంలో థియోడొరెతు అనే బిషప్పు తన ప్రాంతంలో 200కు పైగా ప్రతులను సేకరించి పక్కన పెట్టించి, వాటి స్థానంలో నాలుగు సువార్తలను విడివిడిగా ఉంచాడు. మార్కియోను కోత, తతియాను కూర్పు రెండూ చక్కని పుస్తకాలనే ఇచ్చాయి. సంఘం మాత్రం ఒకదానితో ఒకటి పూర్తిగా అతకని నాలుగు గొంతులనే కోరుకుంది.

ఆ గొంతుల్లో మనుషులు స్పష్టంగా వినిపిస్తారు. తనకన్నా ముందు చాలామంది రాశారని, తాను విచారించి వరుసగా రాస్తున్నానని లూకా చెప్పుకున్నాడు. కొరింథులో ఎవరెవరికి బాప్తిస్మమిచ్చాడో పౌలుకు పూర్తిగా గుర్తులేదు. రోమీయులకు రాసిన పత్రిక చివర, దాన్ని చేత్తో రాసిన తెర్తియు తన వందనాలూ కలిపాడు. అన్నిటికన్నా తిమోతికి రాసిన రెండో పత్రిక చూడాలి. లేఖనమంతా దైవావేశం వల్ల కలిగిందని చెప్పే మూడో అధ్యాయం దాటి ఒక్క పుట తిప్పితే, త్రోయలో కర్పు ఇంట మరిచిన అంగీ, పుస్తకాలు తెచ్చిపెట్టమనే కబురు కనిపిస్తుంది. పెద్ద సిద్ధాంతమూ చలికాలపు అవసరమూ ఒకే పత్రికలో ఉన్నాయి.

వేదాంతులు ఈ విషయంలో జనం అనుకునేంత దూరంగా ఒకరికొకరు లేరు. 1965లో రెండో వాటికను మహాసభ, మానవ రచయితలు నిజమైన రచయితలేనని ప్రకటించింది. 1978లో షికాగోలో సమావేశమైన సువార్తిక పండితులు బైబిలులో పొరపాటే లేదని గట్టిగా చెప్పినవారు. వారు కూడా దేవుడు రచయితల వ్యక్తిత్వాలను అణచివేయలేదని రాసుకున్నారు.

మన సంఘాల్లో ఏటా గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద పలికిన ఏడు మాటలను ధ్యానిస్తారు. ఏ ఒక్క సువార్తలోనూ ఆ ఏడూ లేవు. మూడు లూకావి, మూడు యోహానువి, మిగిలిన ఒక్కటి మత్తయి, మార్కు ఇద్దరిదీ. ఆరాధనలో వాటిని ఒక వరుసగా కూర్చడం తప్పేమీ కాదు. కాకపోతే మన చేతుల్లో అది తతియాను పుస్తకంగా మారకూడదు. వచ్చే గుడ్ ఫ్రైడేకి ప్రతి బోధకుడూ తన వంతు మాటకు ముందు, ఆ మాట ఉన్న సువార్త నుంచే సిలువ అధ్యాయాన్ని మొత్తం చదివించాలి. ఆరాధన ఆలస్యమవుతుందని పెద్దలు ఆందోళనపడితే, ప్రసంగాలు తగ్గించుకోవచ్చు.