కుటుంబ వివరాల్లో రాయని పేరు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది సర్కారు దయతో ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తేల్చింది. ఏటా మనం ఆ మాట తలుచుకుని సంతోషిస్తాం. డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడడానికి నాకంటే తెలిసినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. నాకిచ్చిన పది నిమిషాల్లో, మనం సభల్లో ఎప్పుడూ ఎత్తని విషయం ఒకటి మనవి చేస్తాను. అది నాకు నేర్పింది మా మనవరాలు.

మా మనవరాలు విశాఖపట్నంలో సోషల్ వర్క్ ఎం.ఎ. చదువుతోంది. చదువులో భాగంగా ఆరు వారాలు ఎక్కడైనా పనిచేసి రావాలట. దాన్ని ఇంటర్న్‌షిప్ అంటారు. మా ఊళ్ళో మానసిక రోగుల హక్కుల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరి, మొన్నటి ఎండాకాలం మా ఇంట్లోనే ఉంది.

మొదటి వారం సాయంత్రాలు ముఖం ముడుచుకుని వచ్చేది. "ఏమ్మా?" అంటే, "రోగులతో మాట్లాడనిస్తారనుకున్నాను తాతయ్యా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దరఖాస్తులు నింపడం, జిరాక్సులు తీయించడం, ఆఫీసుల్లో క్యూలో నిలబడడం. అచ్చం గుమాస్తా పని!" అంది. ముప్పై అయిదేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి నేను. అన్నాక నాలిక కరుచుకుంది. ఇద్దరం నవ్వుకున్నాం.

రెండో వారానికి దాని మాట మారింది. ఒక తల్లి తన కొడుక్కి సదరం సర్టిఫికెట్టు కోసం మూడుసార్లు వచ్చి తిరిగి వెళ్ళిందట. మా పిల్ల వెంట వెళ్ళి, పాత మందుల చీటీలన్నీ తేదీల వరుసలో కుట్టి ఇస్తే నాలుగోసారి పనయింది. "మందు డాక్టరు గారు ఇస్తారు తాతయ్యా, కానీ ఆ మనిషికి రావలసింది మాత్రం కాగితమే ఇప్పిస్తుంది" అంది. నా సర్వీసు మొత్తంలో నా పనిని ఎవరూ అంత బాగా చెప్పలేదు.

రోజూ వరండాలో కూర్చుని తాను తెలుసుకున్నవి చెప్పేది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక మానసిక రోగుల వసతి గృహానికి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు పారిపోలేక 28 మంది మరణించారు. పేపర్లో చదివి అయ్యో అనుకుని పేజీ తిప్పినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. 2017లో కొత్త మానసిక ఆరోగ్య చట్టం వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. రోగిని గొలుసులతో కట్టడాన్ని అది నిషేధించింది. ఒంటి జబ్బుకి ఇచ్చినట్టే మనసు జబ్బుకీ బీమా ఇవ్వాలంది. తనకు జబ్బు ముదిరితే ఎలాంటి వైద్యం చేయాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కు ఇచ్చింది. నిమ్‌హాన్స్ వారు 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన సర్వేలో, ఇలాంటి జబ్బులున్న పదిమందిలో కనీసం ఏడుగురికి వైద్యం అందడం లేదని తేలింది.

నాలుగో వారంలో ఒక రాత్రి భోజనాల దగ్గర అడిగింది. "తాతయ్యా, పేరు చెప్పకూడదు గానీ ఒక కేసు ఉంది. తండ్రి ప్రభుత్వోద్యోగి, పోయారు. తల్లీ పోయింది. కొడుక్కి చిన్నప్పటి నుంచీ మానసిక జబ్బు. అలాంటి సంతానానికి బతికున్నంతకాలం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది కదా? కానీ తండ్రి ఇచ్చిన కుటుంబ వివరాల్లో కూతుళ్ళ పేర్లే ఉన్నాయి, ఈ అబ్బాయి పేరు లేదు. కన్నతండ్రి ఎందుకు రాయడు?"

నాకు ముద్ద దిగలేదు. ఎందుకు రాయరో నాకు బాగా తెలుసు.

1990ల్లో నేను పెన్షన్ సెక్షన్ చూసేవాణ్ణి. మా ఆఫీసు అటెండరు ఒకాయన రిటైరవుతూ కాగితాలు పట్టుకొచ్చాడు. నెమ్మదస్తుడు. ఆయన కొడుకు ఇంటర్మీడియట్ చదువుతూ జబ్బు పడ్డాడు. ఎవరో తనను పిలుస్తున్నారని అర్ధరాత్రి లేచి వెళ్ళిపోయేవాడు. ఆ విషయం ఆఫీసులో నాకొక్కడికే తెలుసు. ఆయన గొంతు తగ్గించి, "బాబుగారూ, ఈ కుర్రాడి పేరు కూడా రాయమంటారాండి? రాస్తే జబ్బు సంగతి కూడా రాయాలి కదండీ" అని అడిగాడు.

నేను రూల్సు తెలిసినవాణ్ణి. మానసిక వైకల్యం వల్ల సంపాదించుకోలేని బిడ్డకు, తల్లిదండ్రుల తరువాత జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుందని నాకు తెలుసు. అయినా నేనన్నమాట ఇది: "పెద్దమ్మాయి పెళ్ళి కుదిరేలా ఉందన్నావు కదయ్యా. ఇప్పుడు ఈ సంగతి కాగితం ఎక్కడం ఎందుకు? తరువాత చూసుకోవచ్చులే." మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఆయన దండం పెట్టి వెళ్ళాడు. ఆ గడి ఖాళీగానే పోయింది. ఫైలు ఒక్క అబ్జెక్షను లేకుండా పాసయింది. ఆ రోజు అది నాకు గర్వం కూడా.

తరువాత చూసుకోవడం జరగలేదు. ఆయన పోయాడు, కొన్నేళ్ళకు భార్యా పోయింది, పెన్షన్ ఆగిపోయింది. కుర్రాడు అక్క దగ్గర ఉన్నాడని విన్నాను. ఒకే ఊరు. అయినా ఒక్కసారి వెళ్ళి పలకరించలేదు.

ఇదంతా మా మనవరాలికి చెప్పాను. తిడుతుందనుకున్నాను. కాసేపు ఊరుకుని, "రేపు ఆదివారమే కదా తాతయ్యా, వెళ్దాం" అంది.

వెళ్ళాం. కుర్రాడంటున్నాను గానీ ఆయనకిప్పుడు యాభై దాటాయి. మందులు వేసుకుంటున్నాడు, మనిషి నిమ్మళంగా ఉన్నాడు. మా మనవరాలు "నమస్కారం మావయ్యగారూ" అని పక్కనే కూర్చుని, ఆయన్నే అడిగింది, "మీ పేరున పెన్షన్‌కి దరఖాస్తు పెడదామా?" అని. నేనైతే అక్కగారిని అడిగేవాణ్ణి. ఆయన ఆలోచించి, "పెడితే అక్కకి బరువు తగ్గుద్ది" అన్నాడు.

జబ్బు తండ్రి బతికుండగానే ఉందని రుజువు కావాలి. అక్కగారు తల్లి ట్రంకుపెట్టె అడుగు నుంచి ఆసుపత్రి ఓ.పి. చీటీ ఒకటి తీసింది. మడతల దగ్గర చిరిగిపోయింది గానీ పేరూ తేదీ కనిపిస్తున్నాయి. ఆ తల్లి ఎవరికీ చెప్పకపోయినా కాగితం మాత్రం పారేయలేదు. దరఖాస్తు నా చేత్తో నేనే రాశాను. సెప్టెంబరులో వైద్య ధ్రువపత్రం వచ్చింది. ఫైలు ఇప్పుడు పై ఆఫీసులో ఉంది, మంజూరు ఇంకా కాలేదు. నెలకు రెండుసార్లు వెళ్ళి అడుగుతున్నాను. ఆనాడే గడి నింపి ఉంటే ఈ తిరుగుడంతా ఉండేది కాదు.

సోదరులారా, ఈ హాల్లో కూర్చున్నవారిలో కూడా అలాంటి బిడ్డ ఉన్న తల్లిదండ్రులు ఉండవచ్చు. పేర్లు అడగను, చేతులెత్తమనను. మూడు మాటలు మాత్రం చెబుతాను.

మొదటిది, మీ పెన్షన్ కాగితాల్లో కుటుంబ వివరాలు ఒకసారి తీసి చూసుకోండి. ఆ బిడ్డ పేరు లేకపోతే మీరు బతికుండగానే చేర్పించండి. ఏ వైద్యాధికారి ధ్రువపత్రం కావాలో పెన్షన్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. తరువాత డబ్బు అందుకుని ఖర్చుపెట్టే సంరక్షకులు ఎవరో ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి తేల్చండి.

రెండోది, పాత చీటీ ఒక్కటి కూడా పారేయకండి.

మూడోది, వైద్యం మానకండి. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. బిడ్డల కోసమే కాదు, ఒంటరితనంతో రాత్రిళ్ళు నిద్రపట్టని మనలాంటివాళ్ళ కోసం కూడా.

ఆరు వారాలయ్యాక మా మనవరాలు కాలేజీకి రాసిచ్చిన నివేదిక నాకు చదివి వినిపించింది. అందులో నా ప్రస్తావన ఉంటుందేమోనని భయపడ్డాను. "ఒక రిటైర్డు గుమాస్తా గారి సాయంతో ఒక దరఖాస్తు పూర్తిచేశాను" అని మాత్రం రాసింది. నేను చేసిన తప్పు రాయలేదు. అది నేనే చెప్పుకోవాలని వదిలేసి ఉంటుంది. అందుకే ఈ రోజు మీ అందరి ముందూ చెప్పుకున్నాను.

పెన్షన్ మన హక్కని చెప్పుకుంటున్నాం. మన తరువాత ఆ బిడ్డకి కూడా అది హక్కే. సిగ్గుపడి మనమే దాన్ని కొట్టేయవద్దు.