ట్యాంకు మీద తేదీ చదవండి



ఈ రోజు మాట మంచినీళ్ల గురించి.

కుళాయి నీళ్లు తేటగా వస్తాయి. తేటగా ఉన్నవన్నీ మంచినీళ్లేనా? కాదు. కలరా, టైఫాయిడ్, పచ్చకామెర్లు తెచ్చే క్రిములు కంటికి కనపడవు. పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే దిష్టి తగిలిందంటారు, పళ్లు వస్తున్నాయంటారు. ముందు అనుమానించాల్సింది నీళ్లను.

నీళ్లు ఎక్కడ చెడతాయి? చాలాసార్లు దారిలోనే చెడతాయి. పైపు మురిక్కాలవ పక్కనుంచి పోతుంది. ఎక్కడో పగులుతుంది. నీళ్లు వదిలినప్పుడు ఆ పగులులోంచి బయటికి చిమ్ముతాయి. నీళ్లు ఆపేశాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు అదే పగులులోంచి మురుగు లోపలికి పోతుంది. మర్నాడు ఆ మురుగే ముందు బిందెలో పడుతుంది. కుళాయికి మోటారు బిగిస్తే మరీ చేటు. అది మురుగును గుంజుకుంటుంది. గుంత తవ్వి కుళాయిని కిందికి దించినా చేటే. గుంతలో నిలిచిన మురికి పైపులోకి చేరుతుంది.

తాగే నీళ్లు ఎలా ఉండాలి? దీనికి దేశమంతటికీ ఒక ప్రమాణం ఉంది. దాని పేరు ఐ.ఎస్. 10500. దాన్ని 2012లో సవరించారు. మలంలో ఉండే ఇ.కోలై అనే క్రిమి 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్కటి కూడా కనపడరాదు. క్లోరిన్ కలిపిన నీళ్లయితే, కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అది దారి పొడుగునా నీళ్లకు కాపలా. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ జబ్బు 1937లోనే బయటపడింది. ఎంత కాచినా ఫ్లోరైడ్ పోదు. క్రిములు మాత్రం చస్తాయి.

ఊళ్లో ఈ పని ఎవరిది? గ్రామ పంచాయతీది. ట్యాంకు కడిగించాలి. కడిగిన తేదీ ట్యాంకు మీద రాయించాలి. బ్లీచింగ్ పౌడర్ కలిపాక కనీసం అరగంట ఆగి నీళ్లు వదలాలి. సంచి మూతి విప్పి వదిలేస్తే పౌడర్ బలం పోతుంది. అది చల్లినా ఒకటే, చల్లకపోయినా ఒకటే.

పరీక్ష చెయ్యడం కష్టం కాదు. గాజు గొట్టంలో కుళాయి నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తారు. పసుపు రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు. ఇంకో పరీక్షలో నీళ్లను మందుసీసాలో పోసి ఉంచుతారు. నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ నియమాల ప్రకారం ఊరికి అయిదుగురికి ఈ పరీక్షలు నేర్పాలి. అందులో ఆడవాళ్లకే ముందు చోటు.

మరి మీరేం చెయ్యాలి? ట్యాంకు దగ్గరికి వెళ్లండి. తేదీ చదవండి. తేదీ పాతదైతే, అసలు లేకపోతే, సర్పంచిని అడగండి. పదిమందీ కలిసి అడగండి. గ్రామసభలో అడగండి. అర్జీ రాసి సంతకాలు పెట్టండి. వేలిముద్రలు కాదు, సంతకాలు!

ఇంట్లో బిందెకు మూత పెట్టండి. చెయ్యి ముంచకుండా కాడ గరిటెతో నీళ్లు తియ్యండి. అనుమానం ఉంటే తెర్లేదాకా కాచి, చల్లార్చి తాగండి.

నేర్చుకున్న అక్షరాలు ముందుగా ట్యాంకు మీదే అక్కరకు రావాలి.

ఆలోచించండి – చెప్పండి
1. మీ ఊరి ట్యాంకు ఎప్పుడు కడిగారు?
2. మీ వీధిలో పైపు ఎక్కడ కారుతోంది?
3. మోటారు బిగిస్తే పక్కింటివాళ్లకు ఏమవుతుంది?