గోలు ముందు నిలబడిన మనిషి
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠం)



ముందుగా ఒక మనవి. నాది సాయంత్రపు తరగతి తెలుగు. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుండి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి వెళ్ళారు. మా నాన్నగారు, నేను అక్కడే పుట్టాము. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళమే గాని, చదవడం, వ్రాయడం నాకు రాలేదు. ఏభై దాటాక ఈ అబ్బాసియాలో, ఒక ఫ్లాటు ముందుగదిలో, చిన్నపిల్లల పక్కన కూర్చుని గుణింతం దిద్దాను. ఒత్తులు తప్పిన చోట మన్నించండి.

తెలుగు మాస్టారు కవుల గురించి చెప్పాలి గదా, ఫుట్‌బాల్ ఏమిటి అని మీరు అనవచ్చు. కారణం చివరలో చెబుతాను.

2023 నవంబరు 16న ఇక్కడి జాబర్ స్టేడియములో భారతదేశం కువైట్‌ను 1-0తో గెలిచింది. మనలో చాలామంది వెళ్ళారు. మర్నాడు అందరూ గోలు కొట్టిన మన్వీర్ సింగ్ మాటే చెప్పుకున్నారు. గోలు పడకుండా కాచిన గుర్‌ప్రీత్ సింగ్ మాట ఎత్తినవారు తక్కువ. గోల్‌కీపరు బ్రతుకే అంత. పది బంతులు ఆపితే అది అతని పని. ఒక్కటి వదిలితే అది అతని తప్పు.

మా నాన్నగారు కలకత్తా మైదానంలో ఆటలు చూసినవారు. ఆయన మాటల్లో నేను ఎక్కువగా విన్న పేరు పీటర్ తంగరాజ్. పేరు తమిళపు పేరే గాని, పుట్టింది 1935లో హైదరాబాదులో. సికింద్రాబాదు క్లబ్బుల్లో ఆట నేర్చుకున్నాడు. 1953లో సైన్యంలో చేరి, మద్రాసు రెజిమెంటల్ సెంటర్ జట్టులో ఆడాడు. విచిత్రమేమంటే, మొదట అతను సెంటర్ ఫార్వర్డు, అంటే గోళ్ళు కొట్టే ఆటగాడు. తరువాతనే గోలు కాయడానికి మారాడు. ఆ జట్టు 1955లోను, 1958లోను డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందిన మన జట్టులో అతనున్నాడు. 1960 రోమ్‌లోనూ ఉన్నాడు. కలకత్తాలో మొహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడాడు. ఆ మూడు జట్ల అభిమానులూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ముగ్గురూ మెచ్చిన మనిషి అతను అనేవారు మా నాన్నగారు.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడల సంగతి. మన జట్టు కోచ్ హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన కూడా బడిపంతులే. ఆయన మీద తీసిన ‘మైదాన్’ సినిమా 2024లో వచ్చింది గనుక పిల్లలకు తెలిసే ఉంటుంది. మొదటి ఆటలో మనం దక్షిణ కొరియాతో 0-2తో ఓడాము. మధ్యలో తంగరాజ్ జ్వరపడితే ప్రద్యుత్ బర్మన్ గోలు కాచాడు. సెప్టెంబరు 4న ఫైనలు. ఎదురుగా మళ్ళీ అదే కొరియా. మైదానమంతా మనకు వ్యతిరేకంగా అరుస్తున్నది. బర్మన్ బాగానే ఆడుతున్నాడు. అయినా రహీమ్ సాహెబు పొడగరి తంగరాజ్‌నే తిరిగి నిలబెట్టారు. పి.కె. బెనర్జీ, తలకు కట్టుతో జర్నైల్ సింగ్ చెరొక గోలు కొట్టారు. 2-1తో బంగారు పతకం మనది. మరుసటి సంవత్సరం జూన్‌లో రహీమ్ సాహెబు క్యాన్సరుతో కన్నుమూశారు.

తంగరాజ్‌కు 1967లో అర్జున అవార్డు వచ్చింది. ఆట మానిన తరువాత కోచ్ అయ్యాడు. బొకారో ఉక్కు కర్మాగారపు ఫుట్‌బాల్ అకాడెమీ డైరెక్టరుగా పిల్లలకు ఆట నేర్పాడు. 2008 నవంబరులో చనిపోయాడు.

గోల్‌కీపర్లలో మంచి కోచ్‌లు ఎందుకు పుడతారు? తక్కిన పదిమందీ బంతి వెంట పరుగెడతారు. గోల్‌కీపరు ఒక్కడే వెనుక నిలబడి ఆటనంతా చూస్తాడు. ముందున్న బ్యాకులకు కేక వేసి దారి చెబుతాడు. ఇరవైనాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు గల గోలును ఒక్క మనిషి శరీరం మూయలేదు. ఎక్కడ నిలబడాలో తెలిసి ఉండాలి. ఇటలీకి చెందిన డినో జోఫ్ 1982లో, నలభై ఏళ్ళ వయసులో, కెప్టెన్‌గా ప్రపంచ కప్పు అందుకున్నాడు. కువైట్ ఆడిన ప్రపంచ కప్పు కూడా అదే. అదే జోఫ్ కోచ్‌గా 2000లో ఇటలీని యూరో కప్పు ఫైనలుకు తెచ్చాడు.

ఇప్పుడు కారణం చెబుతాను.

నిరుడు మన పిల్లల కార్యక్రమంలో ఒక బాబు పద్యం చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టి ఒక మాట తప్పు పలికాడు. అర్థం మారింది. సభ నవ్వింది. మర్నాటి నుండి ఆ బాబు తరగతికి రాలేదు. పరీక్షలని తల్లిగారు చెబితే నమ్మాను.

ఒక శుక్రవారం ఉదయం ఇసుక మైదానంలో పిల్లలు ఆడుతుంటే చూశాను. రెండు రాళ్ళ మధ్య గోలు కాస్తున్నది ఆ బాబే. ఆట అయ్యాక వెళ్ళి, “ఎందుకు రావడం లేదు నాన్నా?” అన్నాను.

“అందరూ నవ్వారు సార్.”

“పెద్దవాళ్ళు ముద్దుగా నవ్వారులే.”

అతను బూటులోని ఇసుక దులుపుకుంటూ, “మీరు కూడా నవ్వారు సార్” అన్నాడు.

నిజమే. నవ్వాను. నేను గుణింతం దిద్దిన మొదటి ఏడాది నన్ను చూసి ఎవరైనా నవ్వి ఉంటే రెండవ రోజు వెళ్ళేవాణ్ణి కాను. ఎవరూ నవ్వలేదు గనుకనే ఈ రోజు ఈ మైకు ముందున్నాను. ఆ సంగతి మరచిపోయాను.

ఆ బాబుకు నేను ఏమీ బోధించలేదు. క్షమించమన్నాను. తంగరాజ్ కథ చెప్పాను. పక్కన కూర్చోబెట్టిన ఆటగాణ్ణి ఫైనలుకు మళ్ళీ నిలబెట్టినవాడు ఒక బడిపంతులని చెప్పాను. “చూస్తాను సార్” అన్నాడు. ఇంతవరకు రాలేదు. మంగళవారం సాయంత్రం తరగతిలో అతని చోటు అలాగే ఉంచాను.

పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మన పిల్లలు ఈ ఎడారిలో నాలుగు భాషల నడుమ నిలబడి తెలుగు కాస్తున్నారు. ఒక మాట జారవచ్చు. జారినప్పుడు నవ్వకండి. మళ్ళీ చెప్పనివ్వండి.