నా కుర్చీలు, మన బడి కుర్చీలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"అన్నా, మీరు ఇంజనీరు కదా, ఎయిర్‌పోర్టు గురించి పది నిమిషాలు మాట్లాడండి" అని మన కార్యదర్శి తమ్ముడు అడిగాడు. సాతంరాయిలో ఎయిర్‌పోర్టు గురించి కొత్తగా చెప్పేదేముంది? 2008 నుంచి మన నెత్తిమీదే ఉంది కదా. నేను కుర్చీల గురించి మాట్లాడతాను. ఎయిర్‌పోర్టు మధ్యలో అదే వస్తుంది.

మా ఇంటికి వచ్చినవాళ్ళకు తెలుసు, ముందుగదిలో సోఫా సెట్టు ఉండదు. ఒకదానికొకటి పొంతన లేని ఏడు పాత కుర్చీలుంటాయి. అన్నీ వెనక్కి వాలి కూర్చునేవే. అన్నీ 1950, 60లలో నెదర్లాండ్స్‌లో తయారైనవే. ఉద్యోగం మీద అక్కడున్న ఆరేళ్ళలో ఒక్కొక్కటే కొన్నాను. అక్కడ రాజుగారి పుట్టినరోజున, అంటే ఏప్రిల్ 27న, ఎవరైనా వీధిలో దుప్పటి పరిచి ఇంట్లో అక్కర్లేని సామాను అమ్ముకోవచ్చు. మన జుమ్మేరాత్ బజార్ ఒక్కరోజు కోసం ఊరూరా వెలిసినట్టుంటుంది. నా మొదటి కుర్చీ అలాంటి దుప్పటి పక్కనే దొరికింది. ధర ఎంతో మా ఆవిడకు ఇప్పటికీ సరిగ్గా చెప్పలేదు, ఈ సభలోనూ చెప్పను.

డచ్చివాళ్ళు మనకు కొత్తవాళ్ళేం కాదు. 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో వ్యాపారం పెట్టారు. వాళ్ళను మనవాళ్ళు వలందులన్నారు, అక్కడ వలందపాలెం ఇప్పటికీ ఉంది. ఆ రోజుల్లో కోరమండల్ తీరంలో మన వడ్రంగులు నల్లటి ఎబొనీ కర్రతో, నిండా చెక్కడాలతో చేసిన కుర్చీలు యూరప్‌కు వెళ్ళాయి. వాటిని చూసి ఇంగ్లండులో పెద్ద పెద్దవాళ్ళే తమ దేశపు ప్రాచీన వస్తువులనుకున్నారు. మనవాడి పని మనదని చెప్పేవాడు అక్కడ లేడు మరి.

నా కుర్చీల్లో ఆ చెక్కడాలేవీ లేవు. దానికి కారణం యుద్ధం. 1940 మే 14న జర్మన్ బాంబులకు రోటర్‌డామ్ నడిబొడ్డు బూడిదైంది. యుద్ధం అయ్యాక ఇళ్ళ కరువు. కట్టిన ఫ్లాట్లేమో ఇరుకు. తాతలనాటి బరువైన బీరువాలు, సింహాసనాల్లాంటి కుర్చీలు వాటిలో పట్టవు. 1946లో 'హుడ్ వోనెన్' అనే సంస్థ పుట్టింది. 'చక్కగా నివసించడం' అని ఆ మాటకు అర్థం. సామాన్యుడి ఇంట్లో తేలికైన, నిజాయితీగా చేసిన సామాను ఉండాలని వాళ్ళు పత్రిక నడిపారు, నమూనా ఇళ్ళు పెట్టి చూపించారు. యూట్రెక్ట్‌లో పాస్టో కంపెనీకి సేస్ బ్రాక్‌మన్, స్పెక్ట్రమ్ కంపెనీకి మార్టిన్ విస్సర్ ఆ రోజుల్లో గీసినవి ఈనాడు వేలంపాటల్లో పలుకుతున్నాయి. చేసినప్పుడు మాత్రం అవి గుమాస్తాలూ టీచర్లూ కొనుక్కున్న కుర్చీలు.

వాటిలో నాకు బాగా ఇష్టమైనది ఖో లియాంగ్ యీ గీసినది. ఆయన 1927లో జావాలో ఒక చైనీయుల కుటుంబంలో పుట్టి, నెదర్లాండ్స్‌లో స్థిరపడ్డాడు. మాస్ట్రిక్ట్‌లోని ఆర్టిఫోర్ట్ కంపెనీకి సలహాదారయ్యాడు. ఎయిర్‌పోర్టు వస్తుందన్నాను కదా, 1967లో తెరిచిన స్కిపోల్ టెర్మినల్ లోపలి రూపమంతా ఈయనదే. ప్రయాణికుడు అసలే ఆందోళనలో ఉంటాడు, గోడలూ కుర్చీలూ అరవకూడదు, దారి చూపే బోర్డు ఒక్కటే కనబడాలి అన్న పద్ధతిలో అంతా నెమ్మది రంగుల్లో ఉంచాడు. యాభై నిండకుండానే 1975లో పోయాడు. ఎయిర్‌పోర్టుల్లో పనిచేసినవాణ్ణి గనక చెబుతున్నాను, ఒక కుర్చీ ఎక్కడ పెట్టకూడదో తెలిసినవాడే పెద్ద డిజైనరు.

కంటైనర్లో సాతంరాయి దాకా వచ్చిన కుర్చీలకు అసలు పరీక్ష మన మే నెల పెట్టింది. ఆ కాలపు కుర్చీల్లో చాలావాటికి దిండు కింద స్ప్రింగులుండవు, రబ్బరు పట్టీలుంటాయి. టైర్ల కంపెనీ పైరెల్లీ తెచ్చిన పద్ధతి అది. అరవై ఏళ్ళ రబ్బరు మన ఎండకు అప్పడంలా విరిగింది. దిండులో ఫోము పసుప్పొడిలా రాలింది. కొత్త పట్టీలు తెప్పించుకోవచ్చు. కానీ నాలుగు వేసవులకు మళ్ళీ అదే కథ.

శంషాబాద్ నుంచి మంచాలకు నవారు అల్లే తాతను పిలిపించాను. ఆయన కుర్చీని తలకిందులు చేసి, చుట్టూ తడిమి, "గిది మంచమే సారూ, కూసునేతందుకు మడిచిండ్రు, గంతే" అన్నాడు. "అయితే అల్లగలవా తాతా?" అంటే నన్ను ఎగాదిగా చూశాడు. రబ్బరులా నవారు సాగదు కాబట్టి, కూర్చుంటే గట్టిగా ఉంటుందని నా లెక్క. ఆయన నా లెక్క వినలేదు. అడ్డం పట్టీలు బిగించి, నిలువు పట్టీలు ఒక వేలు దూరేంత వదులుంచి అల్లాడు. నేను కాగితం మీద వెతుకుతున్న సాగుడు ఆ అల్లికలోనే వచ్చింది. నవారు వేస్తే కుర్చీ విలువ పోయిందని సేకర్తలు అంటారు. అననివ్వండి. వాళ్ళ కుర్చీల్లో ఎవరూ కూర్చోరు.

ఇక ఈ మాటలన్నీ ఎందుకు చెబుతున్నానో చెబుతాను. లె కార్బుజియేకు వరసకు సోదరుడైన పియరె జాన్నరె 1951 నుంచి 1965 దాకా చండీగఢ్‌లో ఉండి, అక్కడి ఆఫీసులకూ కాలేజీలకూ టేకు, కేన్ కుర్చీలు గీశాడు. తరవాత స్టీలు, ప్లాస్టిక్ వచ్చాయి. ఆ కుర్చీలను మేడల మీద కుప్పపోసి, తుక్కు కింద వేలం వేశారు. విదేశీ వ్యాపారులు కొనుక్కుపోయి, బాగుచేసి, ఒక్కోటి లక్షల రూపాయలకు అమ్మారు. 2011లో కేంద్ర హోంశాఖ అమ్మకాలు ఆపమన్నాక గానీ కళ్ళు తెరుచుకోలేదు.

మన బడి సైన్సు ల్యాబు వెనక గదిలో తొమ్మిది టేకు కుర్చీలున్నాయి. పోయిన నెల లెక్కపెట్టాను. ఎనిమిది స్టాఫ్ రూమువి, కేన్ తెగింది. ఒకటి పొడుగు చేతుల ఆరాం కుర్చీ. (మన ఆరాంఘర్‌లో ఉన్న ఆరామే ఇదీ.) మధ్యాహ్నం లెక్కల సార్ అందులో వాలి కళ్ళు మూసుకుంటే నిద్రపోయారనుకుని గొడవ చేసి, దెబ్బలు తిన్న 1985 బ్యాచి ఇక్కడే ఉంది, చేతులెత్తమనను. వాటిని ఏ పెద్ద డిజైనరూ గీయలేదు, లక్షలు పలకవు. చెక్కలో మాత్రం ఒక్క పురుగు లేదు. పాడైంది అల్లిక ఒక్కటే.

స్వర్ణోత్సవ కానుకగా వంద ప్లాస్టిక్ కుర్చీలు ఇద్దామని, ఆ గది ఖాళీ చేయిద్దామని మన కమిటీలో మాట వచ్చింది. వంద కుర్చీలు తప్పకుండా ఇద్దాం, పిల్లలకు కావాలి. నా వాటా నేనిస్తాను. ఆ తొమ్మిది మాత్రం తుక్కు లారీ ఎక్కించకండి. కేన్ అల్లడం మనదేశంలో చూపులేనివారికి నేర్పిన వృత్తుల్లో ఒకటి. వేళ్ళతో చూసి అల్లుతారు. నగరంలో ఆ పని చేసే ఇద్దరితో మాట్లాడాను, బడికే వచ్చి అల్లుతామన్నారు. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి తాళంచెవి ఇప్పిస్తే చాలు. గరుకు కాగితం, వార్నిషు నేను తెస్తాను. చెక్క రుద్దడానికి నలుగురు కావాలి. 1985 బ్యాచి ఎలాగూ వస్తుంది.