చిత్రలేఖనంలో తొలి పాఠం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్ళు నిండిన ఏ పాఠశాల చరిత్రలోనైనా మార్కులకు, ర్యాంకులకు గౌరవస్థానం లభిస్తుంది. చిత్రలేఖనానికి మాత్రం ఆ భాగ్యం అరుదు. పరీక్షలు దగ్గరపడగానే లెక్కలకో, సైన్సుకో ముందుగా ధారపోసే పీరియడు అదే. అందువల్ల పిల్లవాడు పోగొట్టుకునేదేమిటో ఈ శుభసందర్భంలో ఆలోచించడం ఉచితం.

బల్లమీద ఒక మట్టికుండ ఉంచి గీయమంటే, కొత్తగా తరగతిలో చేరిన విద్యార్థి దాని మూతిని నిండు గుండ్రంగా గీస్తాడు. అడుగును తిన్నని గీతతో ముగిస్తాడు. మూతి గుండ్రమని అతనికి తెలుసు. బల్లమీద ఆనిన అడుగు తిన్నగా ఉండాలని అతని ఊహ. కాని అతడు కూర్చున్న చోటినుండి మూతి కోలగా అణిగి కనిపిస్తుంది. కుండను కంటిమట్టానికి ఎత్తేకొద్దీ ఆ కోల సన్నబడి, చివరకు ఒక గీతగా మారుతుంది. అడుగు అంచులోనూ వంపు ఉన్నది. ఇక్కడ చేతి దోషమేమీ లేదు. కన్ను చూడకముందే బుద్ధి తొందరపడి జవాబు చెప్పింది. తెలిసినదానిని కాసేపు పక్కనబెట్టి, కనిపించినదానిని నమ్మడమే చిత్రలేఖనంలో తొలి పాఠం.

ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయుడు పిల్లవాని చేతిలోని పెన్సిలు అందుకొని తానే దిద్దితే బొమ్మ బాగుపడుతుందే గాని పిల్లవాడు నేర్చుకోడు. చేయి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలుతో కుండ ఎత్తును, వెడల్పును సరిపోల్చమంటే చాలు. తప్పు ఎక్కడ ఉన్నదో అతడే కనిపెడతాడు. "నాకు బొమ్మలు రావు" అన్న మాట ఆనాటితో సగం తొలగిపోతుంది.

రెండవ పాఠం నీటిరంగులది. అందులో తెల్లదనం కాగితానిదే. వెలుగు పడిన చోటును ముందే గుర్తించి రంగు తగలకుండా వదలాలి. లేతరంగుతో మొదలుపెట్టి క్రమంగా ముదురుకు వెళ్ళాలి. తొలిపూత ఆరకముందే మరొకటి వేస్తే రెండూ అల్లుకుపోతాయి. కనిపించిన రంగులన్నీ కలిపితే మిగిలేది బురద. తుడిచివేయడం సులభం కాని ఈ పనిలో, చేయి కదపకముందు ఆలోచించడం, ఆరేదాకా ఓపిక పట్టడం అలవడతాయి. లెక్కలకైనా, సైన్సుకైనా ఈ గుణాలు అక్కరలేనివి కావు.

ఆంధ్రదేశానికి దూరంగా తెలుగు చదువుకునే పిల్లలకు ఈ తరగతివల్ల మరొక మేలు ఉన్నది. రంగులపెట్టెలో పచ్చ ఒకటో రెండో ఉంటాయి. ఇంట్లో అమ్మమ్మ చీర గురించి చెప్పేటప్పుడు చిలకపచ్చ, మామిడిచిగురు, నెమలికంఠం, వంకాయరంగు, గంధపురంగు అని ఎన్నో మాటలు వస్తాయి. ఆ మాటలు వినని పిల్లవాడు ఆకులన్నిటికీ ఒకే పచ్చ పూస్తాడు. మాట తెలిసినవాడు తేడాకోసం వెతుకుతాడు. తేడా చూసినవానికి ఆ మాట నిలిచిపోతుంది. ఇంటిముందు చుక్కలు పెట్టి ముగ్గువేసే తల్లి చేతిలోనూ ఇటువంటి విద్యే ఉన్నది. దూరాలను కంటితోనే కొలిచే నేర్పు అది.

1947లో మద్రాసులో మొదలైన 'చందమామ' ఎన్నో తెలుగు ఇళ్ళకు బొమ్మలను చేర్చింది. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలను, చిత్రా, శంకర్‌ల బొమ్మలను చూసి గీయడం మంచి ఆరంభమే. అయితే అచ్చుబొమ్మలో చూడవలసినదంతా మరొకరు చూసిపెట్టారు. అక్కడినుండి పిల్లవాడు కుండవైపు, చెట్టువైపు తిరగాలి.

అలా తిరగడానికి పెద్దల ఆదరణ కావాలి. దామెర్ల రామారావు 1897లో జన్మించి 1925లోనే కన్నుమూశారు. రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయనలోని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు. బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చదివి వచ్చిన రామారావు తాను నేర్చిన విద్యను రాజమండ్రిలో ఇతరులకు పంచారు. అంత చిన్న జీవితంలో అంత పని సాధ్యమైందంటే, తొలినాళ్ళలో దక్కిన ఆ ప్రోత్సాహానికి అందులో భాగం ఉన్నది.

ప్రతి పిల్లవాడూ రామారావు కానక్కరలేదు. వారానికి ఒక పీరియడు మరొక పాఠానికి పోకుండా కాపాడడం ఉపాధ్యాయుల వంతు. బొమ్మ చూపగానే "ఇదేమిటి?" అని నవ్వక, "ఎక్కడ కూర్చుని చూశావు?" అని అడగడం తల్లిదండ్రుల వంతు. నాలుగు కుంచెలు, కొన్ని కాగితాలు సమకూర్చడం పూర్వవిద్యార్థులకు భారం కాదు. ఈ ఉత్సవం గుర్తుగా అంతమాత్రం జరిగినా, రాబోయే పిల్లలు ఈ పాఠశాలను కృతజ్ఞతతో తలచుకుంటారు.

స్వస్తి.